పైన గుళ్లు, కింద గనులు

ఒకప్పుడు కాశీ రామేశ్వరాలు చేసివస్తే ఊరు ఊరంతా పలకరించడానికి వచ్చేది. ఈమధ్య మన సంఘం సభ్యుల ఇళ్లలో ఈజిప్టు యాత్ర కూడా ఆ వరుసలో చేరింది. ఉద్యోగ విరమణ దగ్గరపడేసరికి పిల్లలు టిక్కెట్లు కొని చేతిలో పెడుతున్నారు. నేనూ నా శ్రీమతీ అలాగే ఒక టూరు బృందంతో కలిసి కైరో, లక్సర్ చూసి వచ్చాం. అయితే పిరమిడ్ల వర్ణన కోసం ఈ వ్యాసం చదవబోయే పాఠకులు నన్ను మన్నించాలి. నేను రాయదలచుకున్నది మన కోలారు జిల్లా గురించి. నేను పుట్టి పెరిగింది ఈ సీమలోనే, బ్యాంకు ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపింది కూడా ఇక్కడే. ఇక్కడి గుళ్లూ గనులూ నాకు కొత్త కాదు. వాటిని పదిమందికి ఎలా చూపించాలో మాత్రం ఈజిప్టులో ఒక గైడు దగ్గర నేర్చుకున్నాను.

ఆ దేశంలో ప్రభుత్వ లైసెన్సు లేనిదే గైడుగా పనిచేయడానికి వీల్లేదు. మాకు వచ్చిన అబ్బాయి బాగా చదువుకున్నవాడు. ఏ గోడ ముందు ఎంతసేపు నిలబెట్టాలో, ఎక్కడ తాను మాట్లాడకుండా ఊరుకోవాలో తెలిసినవాడు. లక్సర్ దగ్గర నైలు నది పడమటి గట్టున రాజుల లోయ ఉంది. 1922లో హోవార్డ్ కార్టర్ కనిపెట్టిన టూటన్‌ఖామన్ సమాధి అక్కడిదే. ఆ కుర్ర రాజు శవపేటికల్లో లోపలిదానికి పట్టిన బంగారం దాదాపు 110 కిలోలు. సాధారణంగా యాత్రికులు ఆ లోయ చూసి, ఫోటోలు తీసుకుని, బస్సెక్కేస్తారు. మా గైడు మాత్రం "రాజుల ఇళ్లు చూశారు, వాటిని తొలిచినవాళ్ల ఇళ్లు చూడరా?" అంటూ డెయిర్ ఎల్ మెదీనా అనే చోటికి తీసుకుపోయాడు.

రాజుల సమాధులు తొలిచిన పనివాళ్లు కాపురమున్న ఊరు అది. మూడు వేల ఏళ్లు దాటిన ఇళ్ల పునాదులు, మన రైల్వే క్వార్టర్స్ లాగా వరసగా, ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ తవ్వితే దొరికింది బంగారం కాదు. కుండ పెంకులు, రాతి పలకలు వేలకొద్దీ దొరికాయి. వాటిమీద హాజరు పట్టీలు, చేబదుళ్లు, కూలి కింద కొలిచిన ధాన్యం లెక్కలు రాసి ఉన్నాయి. లెక్కల మనిషిని కాబట్టి నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ పలకల్లో ఒకటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండవ రామెసెస్ కాలంలో ఏ పనివాడు ఏ రోజు ఎందుకు రాలేదో అందులో రాసిపెట్టారు. ఒకడికి కళ్లు బాగాలేవు. ఒకడు ఇంట్లో బీరు కాచుకుంటున్నాడు. ఒకడిని తేలు కుట్టింది. తర్వాత మూడవ రామెసెస్ ఏలుబడి 29వ ఏట ధాన్యం సమయానికి అందక ఆ పనివాళ్లే పని ఆపేసి గుళ్ల దగ్గర బైఠాయించారు. రాతపూర్వకంగా దొరికినంతలో ప్రపంచంలో మొదటి సమ్మె అదేనంటారు. ఈ సంగతి చెబితే మా బ్యాంకు యూనియన్ మిత్రులు ఎంతో సంతోషించారు.

తిరిగి వచ్చాక ఒక ఆలోచన పట్టుకుంది. పైన వెయ్యేళ్ల గుళ్లు, కింద మూడు కిలోమీటర్ల లోతు గనులు ఉన్న సీమ మనది. బెంగుళూరు నుంచి రెండు గంటల ప్రయాణం. అయినా ఇక్కడికి వచ్చేవాళ్లు 108 అడుగుల శివలింగం ఉన్న కమ్మసంద్ర కోటిలింగేశ్వరం చూసి, ప్రసాదం తీసుకుని వెళ్లిపోతున్నారు. తప్పేమీ లేదు. కానీ మిగతాది చూపించేవాళ్లు ఎవరు? ఈ ప్రశ్న మన సంఘం సమావేశంలో లేవదీసినందుకు ఫలితంగా గైడు ఉద్యోగం నా మెడకే తగిలించారు. ముప్పై మంది, ఒక బస్సు, రెండు రోజులు.

కోలారమ్మ, తేళ్ల తల్లి

మొదటి మజిలీ కోలారు పట్టణం. పూర్వం దీన్ని కువలాలపురం అనేవారు. తలకాడుకు పోకముందు గంగరాజుల రాజధాని ఇదే. 11వ శతాబ్దం మొదట్లో చోళుల చేతికి వచ్చింది. కోలారమ్మ గుడి గోడల మీద రాజేంద్ర చోళుని కాలం నాటి తమిళ శాసనాలు ఉన్నాయి. లోపల ఒకవైపు కోలారమ్మ, మరొకవైపు సప్తమాతృకలు. ఇదే గుడిలో చేళమ్మ అనే తల్లి కూడా ఉంది. కన్నడంలో చేళు అంటే తేలు. ఈ తల్లికి మొక్కుకుంటే తేలు కుట్టదని ఈ సీమ నమ్మకం. ఇక్కడి హుండీ చూడవలసిందే. నేలలోకి తొలిచిన రాతి గుంతలో పైనుంచి కానుక వేస్తారు.

ఈజిప్టు పనివాణ్ణి కుట్టిన తేలు సంగతి ఇక్కడ చెప్పాను. వాళ్లకూ ఒక తేలు తల్లి ఉండేది, పేరు సెర్కెత్. టూటన్‌ఖామన్ సమాధిలో బంగారు పూత పూసిన ఆమె బొమ్మ దొరికింది. తలమీద తేలు పెట్టుకుని, రెండు చేతులూ చాచి, రాజుగారి పేగులు దాచిన పెట్టెకు కాపలా కాస్తూ ఉంటుంది. ఎక్కడి నైలు, ఎక్కడి పాలారు! వీటికి సంబంధం ఉందని నేననను. రాళ్ల మధ్య బతికేవాళ్లకు తేలు భయం ఎక్కడైనా ఒకటే, ఆ భయం తీర్చే తల్లి కూడా ఎక్కడికక్కడ పుడుతుంది. బస్సులోని పిల్లలకు రెండు రోజుల తర్వాత కూడా గుర్తున్నది ఈ ఇద్దరు తల్లులే.

పక్కనే సోమేశ్వరాలయం. విజయనగర కాలపు పని. పెద్ద గోపురం, లోపల కల్యాణ మంటపం, ఆ స్తంభాల నగిషీ చూస్తుంటే మెడ నొప్పి తెలియదు. బయట నీలం బోర్డు ఒకటి ఉంది. కట్టడాన్ని పాడుచేస్తే ఎంత జరిమానా, ఎన్నాళ్లు జైలు అన్నది అందులో వివరంగా ఉంది. కట్టడం గురించి మాత్రం ఏమంత లేదు. పట్టణంలోనే హైదరాలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉంది. హైదరాలీ పుట్టిన బూదికోట కూడా ఈ జిల్లాలోనిదే. శతశృంగ పర్వతం మీద అంతరగంగ దగ్గర రాతి బసవన్న నోటి నుంచి వచ్చే నీళ్లు దోసిలి పట్టి తాగి, మధ్యాహ్నం భోజనానికి ముళబాగిలు చేరాం.

మన హేమావతి నుంచి వచ్చిన రాజులు

ముళబాగిలు అంటే మూడల బాగిలు, తూర్పు వాకిలి. చిత్తూరు వైపు నుంచి మైసూరు సీమలోకి అడుగుపెట్టే గుమ్మం ఇది. అందుకే ఇక్కడ బజారులో బేరం తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది. కన్నడ సాహిత్యంలో మహానుభావులు డి.వి. గుండప్పగారు 1887లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి ఆంజనేయస్వామిని, నరసింహతీర్థంలో శ్రీపాదరాజుల బృందావనాన్ని దర్శించుకుని కురుడుమలె వెళ్లాం. అక్కడ ఒకే రాతిలో మలచిన వినాయకుడు పదమూడు అడుగుల పైచిలుకు. ఊళ్లోని సోమేశ్వరాలయం సగం జక్కణాచారి, సగం ఆయన కొడుకు డంకణాచారి చెక్కారని స్థల కథ. కథ నిజమో కాదో గాని, అది విన్నాక మా వాళ్లందరూ రెండు సగాలకూ తేడా వెతకడానికి గుడి చుట్టూ మూడుసార్లు తిరిగారు. గైడు పని అదే. చూడవలసినదానికి ఒక పట్టు దొరికితే కళ్లు వాటంతట అవే పనిచేస్తాయి.

రాత్రి ముళబాగిలులో బస చేసి, మర్నాడు పొద్దున్నే ఆవని చేరాం. నన్నడిగితే ఈ జిల్లాలో అన్నిటికన్నా ముందు చూడవలసిన చోటు ఇదే. కొండ కింద ఒకే ఆవరణలో రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర్లతో లింగాలు ప్రతిష్ఠించిన గుళ్లు. కొండమీద సీతమ్మకు గుడి. వాల్మీకి ఆశ్రమం ఇదేననీ, లవకుశులు పుట్టింది ఇక్కడేననీ చెబుతారు. సంతానం లేనివారు మొక్కుకోవడానికి వస్తారు.

ఈ గుళ్లు నొలంబ రాజుల కాలానివి, 10వ శతాబ్దపు పని. ఆ నొలంబుల రాజధాని హెంజేరు ఎక్కడో కాదు, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మన హేమావతి. లక్ష్మణేశ్వరాలయం గోడల మీద శిల్పాలు చూసి, తర్వాత హేమావతి వెళ్లి చూస్తే అదే ఉలి అని తెలిసిపోతుంది. త్రిభువనకర్త అనే యతి ఈ స్థానాన్ని నలభై ఏళ్లు ఏలి, యాభై గుళ్లు, రెండు పెద్ద చెరువులు కట్టించాడని ఇక్కడి శాసనం చెబుతుంది. గుళ్లతోపాటు చెరువులు కూడా లెక్కలో రాశారు చూడండి. ఎండిన సీమలో పుణ్యం అలాగే కొలిచేవారు.

బంగారు గనులు

ఆవని నుంచి కోలారు బంగారు గనులకు బస్సులో గంట లోపే. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ సర్వే పనిమీద వచ్చి, ఉరిగాం, మారికుప్పం పరిసరాల్లో పల్లెవాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం చూసి రాసిపెట్టాడు. డెబ్బై ఏళ్ల తర్వాత లావెల్ అనే ఐరిష్ సైనికుడు ఆ రాత చదివి లైసెన్సు సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలో దిగాక ఇక వెనక్కి చూడలేదు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి తొంభై మైళ్లకు పైగా తీగ లాగి గనులకు కరెంటు ఇచ్చారు. కైరోలో తహ్రీర్ కూడలిలోని పాత మ్యూజియం తలుపులు తెరిచిందీ అదే ఏడాది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లలో తీసిన బంగారం 800 టన్నులకు పైమాటే.

ఆ మూతపడిన రోజుల్లో నేను అక్కడి ఒక శాఖలో ఉన్నాను. పరిహారం డబ్బు చేతికి వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, ఇది వేస్తే నెలకు ఎంతొస్తుంది?" అప్పట్లో డిపాజిట్ల మీద వడ్డీ తొమ్మిది శాతం దరిదాపుల్లో ఉండేది. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే తలూపి వేలిముద్ర వేసేవారు. మూడేళ్లలో ఆ వడ్డీ ఐదున్నరకు దిగింది. మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగారు, జవాబు మాత్రం మారింది. వాళ్ల పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు పోవడం మొదలుపెట్టారు. ఆ రైళ్లు ఇప్పటికీ కిక్కిరిసే నడుస్తున్నాయి.

గనుల దగ్గర గైడుగా నేను పనికిరానని నాకు తెలుసు. పాతికేళ్లకు పైగా కింద పనిచేసిన ఒక పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చాను. తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చేరాడట. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో మాట్లాడగలడు. "ఇప్పుడు ఏముండాది సార్ ఈడ చూసేదానికి?" అంటూనే చొక్కా గుండీలు సరిచేసుకుని బస్సెక్కాడు.

బృందంలోని పిల్లలు మొదట అడిగింది 2018లో, 2022లో వచ్చిన ఆ సినిమాలు ఎక్కడ తీశారని. ఆయన నవ్వి దూరంగా ఉన్న గుట్ట చూపించాడు. "దాన్ని సైనైడు గుట్ట అంటారు నాయనా. సినిమాకోసం వేసింది కాదు, మా తాతలు, నాయనలు, మేము మోసి పోసిందే." బండను పిండి చేసి, సైనైడు నీళ్లలో బంగారం కరిగించి తీశాక మిగిలిన మన్ను అది. చివరి ఏళ్లలో టన్ను బండకు మూడు నాలుగు గ్రాముల బంగారం వచ్చేది. నేను ఆడవాళ్లకు లెక్క చెప్పాను: సవరం బంగారం అంటే ఎనిమిది గ్రాములు, అంటే రెండు టన్నుల బండ. ఆ మాటతో చాలామంది చేతులు మెడలో గొలుసుల మీదికి పోయాయి.

కంచెకు ఇవతలే నిలబడి గని పైన ఇనుప చట్రం చూశాం. లోపలికి ఎవరినీ పోనివ్వరు, పోయినా కింద నీళ్లే. తాత మాటల్లోనే మేము దిగాం. పంజరంలాంటి లిఫ్టులో కిందికి పోతుంటే చెవులు మూసుకుపోయేవట. లోతుకు పోయేకొద్దీ బండ వేడి అరవై డిగ్రీలు దాటేది కాబట్టి పైనుంచి చల్లగాలి పంపేవారు. దిగేముందు పేరుకొక బిళ్ళ. షిఫ్టు ముగిశాక బిళ్ళ మిగిలితే మనిషి కింద ఉన్నట్టు. అన్నిటికన్నా భయం ఎయిర్ బ్లాస్ట్. ఒత్తిడికి బండ ఒక్కసారిగా పగిలి విరుచుకుపడటాన్ని గనివాళ్లు అలా పిలిచేవారు. "పైన ఇంట్లో గిన్నెలు కదిలేవమ్మా. ఆడోళ్లు పొయ్యి మీద కూడు వదిలేసి గని కాడికి పరుగెత్తేవాళ్లు" అన్నాడు. బస్సు దిగిన దగ్గర్నుంచి సెల్‌ఫోన్లలో ఫోటోలు తీస్తున్నవాళ్లు కూడా చేతులు దించేశారు.

ఒక కాలేజీ అమ్మాయి, "తాతగారూ, మీరు ఎప్పుడైనా సమ్మె చేశారా?" అని అడిగింది. ఆయన తన నాయన చెప్పిన సంగతి చెప్పాడు. 1930లో కార్మికులందరూ వేలిముద్రలు ఇచ్చి తీరాలని కంపెనీ పట్టుబడితే, మేము దొంగలమా అని పని మానేశారట. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కిన సమ్మె అది. డెయిర్ ఎల్ మెదీనాలో విన్న కథకూ దీనికీ ఎంత దగ్గర! అక్కడ ధాన్యం, ఇక్కడ మర్యాద.

ఈ గనుల్లో బంగారం ఒక్కటే దొరకలేదు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వారితో కలిసి, ఆకాశం నుంచి వచ్చే కిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రినోలను పసిగట్టారు. ప్రపంచంలో ఆ పని మొదట చేసినవాళ్లలో వాళ్లున్నారు. నేలలో అంత లోతుకు పోతే తప్ప మిగతా కణాల గోల తగ్గదు. ఆ గోలలో ముఖ్యమైనవి మ్యుయాన్లు. 2017లో ఆ మ్యుయాన్ల సాయంతోనే గీజాలోని పెద్ద పిరమిడ్ లోపల ఎవరికీ తెలియని ఒక పెద్ద ఖాళీ ఉందని కనిపెట్టారు. మన గనిలో అడ్డనుకున్నవి పిరమిడ్ దగ్గర కళ్లయ్యాయి. ఈ మాట చెప్పినప్పుడు తాత ఆశ్చర్యంగా, "ఆ సైంటిస్టు దొరలు కిందికి వచ్చేది చూసినా గాని, దేనికో మాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు.

ఇక చేయవలసిన పని

వేల్స్ దేశంలో బిగ్ పిట్ అనే బొగ్గు గని 1980లో మూతపడింది. మూడేళ్లకే దాన్ని మ్యూజియంగా తెరిచారు. యాత్రికులకు నెత్తిన టోపీ, దీపం పెట్టి మూడు వందల అడుగుల కిందికి తీసుకుపోతారు. తీసుకుపోయేది ఒకప్పుడు గనుల్లో పనిచేసినవాళ్లే. మన కె.జి.ఎఫ్.లో మూడు కిలోమీటర్లు దిగనక్కర్లేదు, మూడు వందల అడుగులు చాలు. అది ప్రభుత్వాలు తలచుకోవలసిన పని. ఈలోగా 2024 జూన్‌లో సైనైడు గుట్టల్లో మిగిలిన బంగారం తీయడానికి కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. 13 గుట్టలు, వెయ్యి ఎకరాలు, మూడు కోట్ల ముప్పై లక్షల టన్నుల మన్ను. ఊళ్లో నలుగురికి పని దొరికితే మంచిదే. కానీ గుట్టలు కూడా పోయాక చూపించడానికి మిగిలేది మనుషులూ, వాళ్ల మాటలూ మాత్రమే.

అందుచేత మన సంఘానికి నా మనవి మూడు మాటల్లో. మొదటిది, ఏటా రెండుసార్లు ఈ యాత్ర జరపాలి. బెంగుళూరు నుంచి వచ్చేవారు శనివారం పొద్దున బయలుదేరితే ఆదివారం రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆవనికి ఎండ ఎక్కకముందే చేరాలి, మంచినీళ్లు వెంట ఉంచుకోవాలి. రెండవది, గనుల దగ్గర మాట్లాడే పెద్దలకు దండా శాలువాతో సరిపెట్టకూడదు. ఈజిప్టులో గైడుకు ఇచ్చినట్టు రోజుకింత అని గౌరవంగా చేతిలో పెట్టాలి. మా యాత్రలో తలకు కొంత వేసి ఇచ్చాం. తాత ముందు వద్దన్నాడు. "ఇది దానం కాదు, మీ ఫీజు" అన్నాక తీసుకుని, రెండుసార్లు లెక్కపెట్టుకుని, జేబులో పెట్టుకున్నాడు. నాకు ఎంతో తృప్తి కలిగింది. మూడవది, ప్రతిసారీ ఎవరో ఒకరు వాళ్ల మాటలు సెల్‌ఫోనులో పట్టి, తేదీ వేసి, రాసి భద్రపరచాలి. పాత పాస్‌బుక్కులు, జీతం చీటీలు, బిళ్ళలు, ఫోటోలు ఎవరింట్లో ఉన్నా పారెయ్యవద్దని చెప్పాలి.

ఈజిప్టు పనివాళ్ల పేర్లు మనకు తెలియడానికి కారణం ఎవరో ఒక గుమాస్తా పెంకు మీద హాజరు వేయడమే. ఆ పెంకులకు మూడు వేల ఏళ్లు. మన తాతకు డెబ్బై ఎనిమిది. వచ్చే యాత్ర సంక్రాంతి తర్వాత రెండో శనివారం అనుకుంటున్నాం. రాదలచినవారు పేర్లు సంఘం కార్యదర్శికి ఇవ్వగలరు.